నాన్నకు చదివి వినిపించిన పైవాటా పేపరు

మా చిన్నతనంలో పార్టీ అనేది ఎవరూ ఎంచుకునేది కాదు, ఇంటిపేరులా పుట్టుకతోనే వచ్చేది. గుమ్మంలో ఏ పేపరు పడుతుందో చూస్తే చాలు, ఆ ఇంటి ఓట్లు ఎటో చెప్పేయొచ్చు. మైలవరం దగ్గర మా ఊళ్లో నాన్న పొద్దున్నే ‘మన పేపరు’ పైకి చదివేవారు, అమ్మ తాలింపు పెడుతూ ఊఁ కొట్టేది. అది వింటూ పెరిగిన నేను అవతలి నాయకుడు కనిపిస్తే మూతి తిప్పేదాన్ని (ఆయన మా ఊరు ఎన్నడూ రాలేదు, తిప్పిందంతా టీవీ ముందే).

ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల షాపులో బిల్లులు కొట్టే ఉద్యోగం దొరికి, ఆ దగ్గర్లోనే ఒక కింది వాటాలో అద్దెకు దిగిన ఏడాది, నాన్నకు కంటి లోపలి పొర ఊడింది. రెండో కంటి చూపు అప్పటికే అంతంత మాత్రం. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు, “వారం పాటు బోర్లా పడుకోవాలి. ఆవేశపడి తల ఎత్తారంటే ఆ కన్ను దక్కదు” అన్నారు. అది ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతున్న వారం. డాక్టరుగారికి మా నాన్న సంగతి తెలియదు పాపం.

అమ్మతో పాటు నా అద్దింటికి తెచ్చిన మర్నాడే నాన్న దిండులో ముఖం పెట్టుకుని, “మన పేపర్ చదవమ్మా” అన్నారు. సెంటర్లో కొట్టుకు వెళితే, ఎన్నికలయ్యేదాకా అది రోజూ తెల్లారేసరికే అయిపోతుందన్నాడు కొట్టువాడు. పైవాటాలో ఉండే ఇంటి ఓనరు గారికి పడేది ‘వాళ్ల పేపరు’. గతిలేక అదే అడిగి తెచ్చాను. మొదటి పేజీలోనే గన్నవరంలో జరిగిన రెండు సభలు. వాళ్ల నాయకుడి సభకు ఇసుక వేస్తే రాలనంత జనం, మా నాయకుడి సభలో ఖాళీ కుర్చీలు. ఉన్నదున్నట్టు చదివితే నాన్న తల లేస్తుంది, కన్ను పోతుంది. గొంతు సవరించుకుని, ఈ పేరు అక్కడ, ఆ పేరు ఇక్కడ పెట్టి చదివేశాను. ఒక్క వాక్యమూ ఎదురు తిరగలేదు (అందుకు నాకే కాస్త భయం వేసింది). “అదీ! ఉన్నదున్నట్టు రాయడం మన పేపరోళ్లకే తెలుసమ్మా” అన్నారు నాన్న దిండుతో. వంటగదిలోంచి అమ్మ ఊఁ కొట్టింది.

అలా సాగుతుండగా ఒకరోజు చూద్దును కదా, గుమ్మంలో ఓనరు గారు! పేపరు కోసం దిగొచ్చిన మనిషి, తన నాయకుడి సభలో ఖాళీ కుర్చీల సంగతి వింటూ నిలబడిపోయారు. మొహం కందగడ్డలా అయింది. నేను నాన్న తల వైపు చూపించి చేతులు జోడించాను. ఆయన కాసేపు బోర్లా పడుకున్న నాన్నను చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. “నీకు షాపు టైమవుతోంది కదమ్మాయ్, వెళ్లు. మిగతాది నేను చదువుతాలే.” గేటు దగ్గరికి వెళ్లాక వినిపించింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కొలిచిన తన నాయకుణ్ణి ‘చేతకానివాడు’ అని గట్టిగా చదువుతున్నారు, మధ్యమధ్యలో మంచినీళ్లు తాగుతూ. ఆ పూటే కాదు, ఆ తర్వాత రోజూ ఆయనే వచ్చి చదివారు.

వారం గడిచింది, కన్ను నిలిచింది. లేచి కూర్చున్న నాన్న, మసకగానే అయినా, ఓనరు గారి చేతిలోని పేపరు పేరు పోల్చుకున్నారు. “ఇన్నాళ్లూ చదివింది ఇదేనా?” అన్నారు. “పేపర్ మాదేనండీ, పేర్లే మీకోసం మార్చాం” అన్నారు ఆయన నేల చూపులు చూస్తూ. నాన్న చెయ్యి చాచి ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. “నా కన్ను కోసం మీ నాయకుణ్ణి మీరే అన్నేసి మాటలన్నారా అండీ? ఇయ్యాళ మీ పేర్లతోనే చదవండి, వింటాను” అన్నారు. చివరిదాకా, అడ్డు రాకుండా విన్నారు (ఓటు మాత్రం మారలేదు, నాన్నదీ, నాదీ).

ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, అన్నీ నాకు నచ్చిన మాటలే. నేనూ తల ఊపుతూ కూర్చుంటాను. అప్పుడప్పుడు ఆ కింది వాటా పిల్ల, అదే అప్పటి నేను, గుర్తొచ్చి నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. నాకు నచ్చిన వార్తను ఒక్కసారి పేర్లు మార్చి చదువుకుందామంటే, ఆ పిల్లకున్న ధైర్యం నాకు రావడం లేదు.