మార్త టీచరు పళ్ళసెట్టు

మా పెద్దమ్మ మార్తను పామర్రులో ఇప్పటికీ అందరూ టీచరు గారనే పిలుస్తారు. అంగన్‌వాడీలో ఆవిడ దగ్గర పాటలు నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడిలో దింపుతున్నారు. ఉద్యోగం అయిపోయాక ఆవిడ పాట చర్చికి మారింది. ఆదివారం స్త్రీల వరసలోంచి పల్లవి ఎత్తుకునేది ఆవిడే. గొంతు సన్నం గాని మాట స్పష్టం. కొత్త పాటైనా సరే, ఆవిడ పాడుతుంటే పుస్తకం చూడక్కర్లేదు.

షుగరు వల్ల చిగుళ్ళు పాడై ముందు పళ్ళు కదిలాయి. ఒక్కొక్కటే తీయించుకుంటూ పోతే పైవరసంతా బోసిపోయింది. అప్పటినుంచి 'స్తోత్రం' అనబోతే గాలి పోయేది. ఒక ఆదివారం వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మరుసటి వారం పెద్దమ్మ నోటికి పమిటచెంగు అడ్డం పెట్టుకుని, గోడవారగా చివర కూర్చుంది. ఇంట్లో కూడా పాడటం మానేసింది.

మా పెదనాన్న జక్కయ్య రైసుమిల్లులో పనిచేసి మానేసిన మనిషి. మాట తక్కువ. ఆయన చాలా రోజులు ఊరుకుని, ఒకనాడు కాఫీ గ్లాసు కింద పెట్టి అన్నాడు. "పొద్దున్నే నీ పాట వినపడకపోతే తెల్లారినట్టు లేదు. బెజవాడ పోదాం పద."

నేను విజయవాడలోనే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఒక పళ్ళాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు పేరు ఉషశ్రీ. చిన్న వయసే. పెద్దమ్మ నోరు చూశాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న నాకు బాగా గుర్తుంది.

"అమ్మా, ముఖ్యంగా దేనికి ఇబ్బందిగా ఉంది మీకు? తినడానికా, మాట్లాడటానికా?"

పెద్దమ్మ సిగ్గుపడుతూ, "పాడటానికమ్మా" అంది.

డాక్టరు నవ్వలేదు. "అయితే ఒకసారి పాడండి, వింటాను" అంది. పెద్దమ్మ ఆ కుర్చీలో వెనక్కి వాలి, బోసినోటితోనే ఒక పల్లవి పాడింది. ప్రతి 'స' దగ్గరా ఈల వచ్చింది. పళ్ళసెట్టు తయారై వచ్చిన రోజున కూడా డాక్టరు ఆవిడచేత మళ్ళీ పాడించింది. పెట్టడం, వినడం, తీసి అరగదీయడం, మళ్ళీ పెట్టడం. బయట జనం ఎదురుచూస్తున్నా 'స' శుభ్రంగా పలికేదాకా ఆవిడ కదలలేదు. చివరికి పలికింది. పెద్దమ్మ ఆ కుర్చీలోనే కళ్ళు తుడుచుకుంది.

ఈ తతంగమంతా అక్కడ పనిచేసే అమ్మాయి ఒకతె ఫోనులో తీస్తూనే ఉంది. అడిగితే "కేసు కోసం మేడమ్" అంది. ఆ మొదటిరోజే కౌంటరులో ఫోను నంబరు రాసుకుని, ఒక ట్యాబు ముందుకు తోసి వేలితో సంతకం పెట్టమన్నారు. అద్దం మీద ఇంగ్లీషు అక్షరాలు చీమలబారులా ఉన్నాయి. అందులో ఏముందో వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు ఎక్కడికి పోయినా అంతే కదా. చేతిరుమాలు కొన్నా నంబరు చెప్పనిదే మిషను బిల్లు ఇవ్వదట.

ఆ నంబరు ఎవరి చేతికి పోయిందో గాని, వారం తిరక్కుండా పెద్దమ్మ ఫోనుకు ఎక్కడలేని చుట్టాలూ పుట్టుకొచ్చారు. ఒకరు లోను ఇస్తామంటారు, ఒకరు అమరావతిలో స్థలమంటారు, ఒకరు జుట్టు రాలుతోందా అని పరామర్శిస్తారు. నాకు ఒళ్ళు మండేది. పెద్దమ్మ మాత్రం, "వద్దు నాయనా. పొద్దుపోయింది, అన్నం తిన్నావా?" అనేది. అవతలినుంచి మెల్లగా "ఇంకా లేదమ్మా" అని వినపడేది.

అసలు దెబ్బ ఫోన్ల నుంచి రాలేదు. ఒకరోజు పెద్దమ్మ బజారుకు వెళితే, కూరగాయల రత్తయ్య సంబరంగా తన ఫోను చూపించాడు.

"టీచరు గారూ, మీరు ఫోన్లో వస్తున్నారండీ."

అది ఆసుపత్రివాళ్ళ ప్రకటన. మొదట బోసినోటితో పాడుతున్న పెద్దమ్మ. ఆవిడ 'స' దగ్గర తడబడ్డ ముక్కనే పదేపదే తిప్పి, వెనక బూర ఊదినట్టు నవ్వులాట సంగీతం పెట్టారు. పైన పెద్ద అక్షరాలతో 'బోసినోటికి బై బై' అని రాశారు. తరువాత పళ్ళసెట్టుతో నవ్వుతున్న మొహం. కింద వేలమంది పెట్టిన నవ్వుబొమ్మలు. ఆవిడ పాడింది దేవుడి పాట. దాన్ని చూసి జనం నవ్వుతున్నారు.

పెద్దమ్మ కూరలు కొనకుండానే ఇంటికొచ్చింది. పళ్ళసెట్టు తీసి గిన్నెలో నీళ్ళలో పెట్టి మూత పెట్టింది. ఆ ఆదివారం చర్చికి పోలేదు. పెదనాన్న నాకు ఫోను చేసి, "అమ్మాయ్, మీ పెద్దమ్మ నా ఎదురుగా కూడా అన్నం తినడం లేదు" అన్నాడు. ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదలు.

నేను ఆసుపత్రికి ఫోను చేశాను. తెలుగుకు ఒకటి నొక్కాను, అపాయింట్‌మెంటు కాదు గనుక మూడు నొక్కాను. 'మీ కాల్ మాకు ఎంతో విలువైనది' అని తేనె పూసినట్టు ఒక గొంతు చెప్పి, పాట వినిపించి, లైను కట్ చేసింది. ఆ వీడియో కింద 'దయచేసి తీసేయండి' అని రాస్తే కాసేపట్లో నా మాట మాయమైంది, వీడియో అలాగే ఉంది. మెయిలు పెట్టాను. మా సేవ నచ్చితే ఐదు నక్షత్రాలు ఇవ్వండని జవాబొచ్చింది.

ఈ సంగతి పెద్దమ్మకు చెప్పాను.

"మిషన్లతో ఎంతసేపు మాట్లాడతావే క్రిస్టినా. ఆ డాక్టరమ్మ మనిషే కదా. పోయి అడుగుదాం."

"వాళ్ళు వినకపోతే?"

"వినకపోతే వినలేదని తెలుస్తుంది."

ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బస్సులో వచ్చి పెద్దమ్మ, పెదనాన్న బెంజ్ సర్కిల్‌లో దిగారు. నేను సెలవు పెట్టి వాళ్ళతో వెళ్ళాను. పెద్దమ్మ పళ్ళసెట్టు పెట్టుకోలేదు, సంచిలో డబ్బాలో తెచ్చుకుంది.

కౌంటరులో చక్రి అనే మేనేజరు ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మీరు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టారండీ. చూడండి."

"అందులో ఇది ఉందని ఎవరూ చెప్పలేదు నాయనా."

"అది అందరికీ అంతేనండీ. వీడియోలు మేం పెట్టం, హెడ్డాఫీసులో మార్కెటింగ్ వాళ్ళు పెడతారు. మా చేతుల్లో ఏం లేదండీ."

"మరి ఎవరి చేతుల్లో ఉంది?"

చక్రి ట్యాబును తన వైపు తిప్పుకున్నాడు.

వెనక కుర్చీల్లో ఒక పెద్దావిడ దవడ వాచి, చెంపకు కర్చీఫు అదిమిపట్టుకుని కూర్చుని ఉంది. పేరు పద్మావతమ్మ అని, కంకిపాడు పక్క పల్లె నుంచి పన్ను తీయించుకోవడానికి వచ్చిందని తరువాత తెలిసింది. ఆవిడ లేచి కౌంటరు దగ్గరికి వచ్చింది.

"ఏవయ్యా, ఇందాక ఒకమ్మాయి నన్నూ ఫోటో తీసింది. ఈ వాచిన మొహం కూడా వేస్తారా?"

"అబ్బే, అందరివీ వెయ్యరండీ" అన్నాడు చక్రి కంగారుగా. "బాగా వచ్చినవే వేస్తారు."

హాలంతా అతని వైపు తిరిగింది. ఆ మాట ఎలా వినపడిందో అతనికీ అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీల్లోంచి ఒకరి తరువాత ఒకరు లేచి, మావి తీశారా, మా అబ్బాయివి తీశారా, తీసేయండి అని అడగడం మొదలుపెట్టారు. ఎవరూ గట్టిగా అరవలేదు. పద్మావతమ్మ గారు మాత్రం వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని, "ఈవిడ సంగతి తేలేదాకా నేను లోపలికి రాను" అంది. పన్ను నొప్పికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"మీరు వెళ్ళండమ్మా, నొప్పితో ఎందుకు" అంది పెద్దమ్మ.

"ఉండనివ్వండి. వారం నుంచీ ఓర్చుకున్న నొప్పే కదా."

ఆ అలికిడికి డాక్టరు ఉషశ్రీ బయటికి వచ్చింది. పెద్దమ్మను గుర్తుపట్టి నవ్వబోయి, బోసినోరు చూసి ఆగిపోయింది.

"ఏంటమ్మా, సెట్టు గుచ్చుకుంటోందా?"

పెద్దమ్మ నా ఫోను ఆవిడ చేతికిచ్చింది. డాక్టరు వీడియో చివరిదాకా చూసింది. మొహం మాడిపోయింది.

"నేను తీయమన్నది వైద్యం కోసమమ్మా. పలుకు ఎంత మారిందో చూసుకోవడానికి. ఇలా చేస్తారని నాకు తెలీదు" అంది. అక్కడే, మా అందరి ఎదుటే, హెడ్డాఫీసుకు ఫోను చేసింది. అవతలి మనిషి ఏం చెప్పాడో మాకు వినపడలేదు గాని, మొదట బతిమాలినట్టున్న ఆవిడ గొంతు పోనుపోను గట్టిపడింది. "అది మీకు బాగా ఆడుతున్న వీడియో కావచ్చండీ. ఆవిడ నా పేషెంటు. అది తీసేదాకా నేనివాళ ఎవరినీ చూడను" అని పెట్టేసింది. పెట్టేశాక వచ్చి మా పక్క కుర్చీలో కూర్చుంది.

మేమంతా అక్కడే కూర్చున్నాం. చక్రి అందరికీ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తరువాత తనే కంప్యూటరు దగ్గర కూర్చుని, ప్రకటనలవాళ్ళకు పోయే నంబర్లలోంచి పెద్దమ్మ నంబరు తీసేశానని వచ్చి చెప్పాడు. కాసేపటికి నా ఫోనులో మళ్ళీ చూస్తే వీడియో లేదు.

డాక్టరు పెద్దమ్మ ముందు వంగి కూర్చుంది. "మా పేజీలోంచి తీశారమ్మా. కానీ ఇప్పటికే ఎవరైనా దాచుకుని పంపించుకుని ఉంటే, వాళ్ళ ఫోన్లలోంచి నేను తీయించలేను. నన్ను క్షమించండి."

"నిజం చెప్పావు తల్లీ, అది చాలు" అంది పెద్దమ్మ. సంచిలోంచి డబ్బా తీసి, సెట్టు కడిగి ఇవ్వమని ఆవిడ చేతికే ఇచ్చింది. డాక్టరు తన చేత్తోనే కడిగి పెట్టింది.

తీరా పద్మావతమ్మ గారి వంతు వచ్చేసరికి, అంత ధైర్యంగా కూర్చున్న మనిషికి సూదంటే భయమని తేలింది. కుర్చీ ఎక్కనంటుంది. పెద్దమ్మ లోపలికి వెళ్ళి ఆవిడ చేయి పట్టుకుని, పన్ను ఊడేదాకా పక్కనే నిలబడింది. భయం తెలియకుండా ఏం చెప్పావని తరువాత నేను అడిగితే, అంగన్‌వాడీ పిల్లలకు చెప్పే కాకి పాట పాడానంది.

ఆ తరువాతి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళను లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయానికి పెద్దమ్మ లేచి నిలబడింది. వీడియో చూసినవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. ఆవిడ ఏదీ దాచలేదు. బోసినోరు, ఈల, నవ్వుబొమ్మలు, అన్నీ చెప్పింది. తన పలుకు కోసం అంతసేపు ఓపికపట్టి, తన కోసం పైవాళ్ళకు ఎదురుచెప్పిన డాక్టరమ్మ కోసం దేవుడికి స్తోత్రం చెల్లించింది. ముక్కూమొహం తెలియని మనిషి కోసం నొప్పితో కూర్చున్న పద్మావతమ్మ గారి కోసం చెల్లించింది. ఆ చక్రి అబ్బాయి ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాకూడదని ప్రార్థన చేయమని అందరినీ అడిగింది. కోపం రాలేదా అని నేను ఇంటికొచ్చాక అడిగాను.

"ఎందుకు రాదే, వచ్చింది. ఇప్పటికీ ఉంది. కానీ ఆ రోజు అంతమంది మంచివాళ్ళను చూశాక, కోపం ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోబుద్ధి కావడం లేదు."

కబురు విన్న రత్తయ్య తన ఫోనులోంచి ఆ వీడియో తీసేసి, బజారులో తనకు తెలిసిన వాళ్ళందరిచేతా తీయించాడట. అది ఇంకా ఎవరి దగ్గరుందో మాకు తెలీదు. తెలుసుకోవాలని పెద్దమ్మ ఇప్పుడు అడగడం లేదు. ఈమధ్య నేను ఆసుపత్రికి వెళితే, ట్యాబులో ఫోటోల సంగతి విడిగా తెలుగులో కనిపించింది. వద్దంటే వద్దనే నొక్కుకోవచ్చు.

మొన్న వర్షాలు తగ్గాక పద్మావతమ్మ గారు పామర్రు వచ్చారు. ఆవిడకూ సెట్టు పెట్టాలన్నారట. దేంతో నమలడం మొదలుపెట్టాలో, రాత్రి తీసి ఎలా పెట్టుకోవాలో పెద్దమ్మ చెబుతుంటే శ్రద్ధగా విన్నారు. తరువాత మాట పొలాల మీదికి, మనవల మీదికి పోయింది. పెదనాన్న అరుగు మీద కూర్చుని వింటున్నాడు. లోపల ఇద్దరూ నవ్వుకుంటుంటే, పద్మావతమ్మ గారు ఎక్కాల్సిన కంకిపాడు బస్సు హారను కొట్టుకుంటూ సెంటరు దాటి వెళ్ళిపోయింది. ఆయన లోపలికి చెబుదామని లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇంకో బస్సుందిలే" అన్నాడు నాతో.