పడమటికి తిరిగిన కుర్చీ

పక్షవాతం వచ్చినవాళ్లకు స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి వెళ్లడం లాంటి రోజువారీ పనులు మళ్లీ నేర్పించడం నా ఉద్యోగం. కాగితం మీద ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. నాగర్‌కర్నూల్ నుంచి కొల్లాపూర్ దాకా అందరికీ ఎక్సర్‌సైజుల మేడమ్‌ని.

కొల్లాపూర్‌లో ఒక దర్జీ చాచా ఉండేవాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఊరందరికీ పైజామాలు కుట్టిన మనిషి, ఎడమచేత్తో తన నాడా విప్పుకునేలోపే తడిసిపోయేవాడు. తడిసిన బట్టలతో నమాజ్ కుదరదు. శుక్రవారం మసీదులో ఆఖరి వరసలోనైనా కూర్చోవాలని, అదొక్కటే ఆయన కోరిక.

నాకు హుషారెక్కువ. నాడా తీసేయించి ఎలాస్టిక్ వేయించాను. గడియారంతో పనిలేదు, మసీదు నుంచి వినిపించే ప్రతి అజా అయిపోగానే ఒకసారి ఒంటికి కూర్చోమన్నాను. తాగే నీళ్లు తగ్గించొద్దన్నాను. మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ తెప్పించి, ఎడమచేతికి అందేలా మంచం పక్కన గోడకు ఆనించి, ఒక్క అంగుళం కూడా కదపొద్దని మరీ మరీ చెప్పి వచ్చాను.

రెండు వారాలకు వెళ్తే కుర్చీ కొత్తగానే ఉంది, పక్కబట్టలు కంపు కొడుతున్నాయి. నీళ్లు తాగడం మానేశాడట, పెదాలు పగిలిపోయాయి. నాకు ఒళ్లు మండింది. ఇలాగైతే మసీదు మాట మర్చిపోమన్నాను. చాచా తల దించుకున్నాడు.

నేను గడప దాటాక ఆయన భార్య చాచీ వెనకే వచ్చింది.

"కుర్చీ పడమటికుంది బిడ్డా. మేం నమాజ్ చేసే దిక్కది. గటు మొఖం పెట్టి ఒంటికి కూసోరు. నువ్వు కదపొద్దంటివి. నీ మనసు నొస్తదని ఆయన నన్ను చెప్పనియ్యలే."

వెనక్కి వెళ్లి కుర్చీని ఉత్తరానికి తిప్పాను. నిమిషం కూడా పట్టలేదు. ఇన్నేళ్లలో ఇలాంటి ఇళ్లు ఎన్ని తిరిగానో, ఒక్కచోట కూడా దిక్కు అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వారమే చాచాకు జ్వరం వచ్చింది. నీళ్లు తాగక మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. వనపర్తి దవాఖానలో చాలా రోజులు మంచం మీదే ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఉన్న ఎడమకాలి బలం కూడా పోయింది. ఇప్పుడు చాచీ, ఆమె తమ్ముడు ఎత్తి కుర్చీలో కూర్చోబెడుతున్నారు. నీళ్లు బాగానే తాగుతున్నాడు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం నేనక్కడుండగానే అజా వినిపించింది. అయిపోయేదాకా చాచా కళ్లు మూసుకున్నాడు.

"పైజామా పొడిగనే ఉంది బిడ్డా," అన్నాడు. "పోదమంటే కాళ్లే లేస్తలేవు."

ఎలాస్టిక్ సరిచేస్తున్నట్టు నేను తల దించుకున్నాను.