పంచె మీద రైడింగ్ సూటు

ఎండకూ వానకూ ఒకే సూటు అని రాసి అమ్మేవారు కార్తీకమాసంలో ఒక్కసారైనా తిరుపతి నుంచి చిత్తూరుకు మోటారుసైకిల్ మీద వెళ్లి చూడాలి. చంద్రగిరి దాటేసరికి వీపు కాలుతుంది. పూతలపట్టు చేరకముందే వాన పట్టుకుంటుంది.

మా మామిడితోట ఆ దారిలోనే ఉంది, కానీ బస్సు ఆగే చోటికి బాగా దూరం. కిందటేడు వానల్లో తడిసి వచ్చి జ్వరంతో మంచం పట్టాను. లేచి తిరగడం మొదలుపెట్టాక నా భార్య తేల్చి చెప్పింది:

"ఇంగొక్కసారి తడిసొస్తే బండి అమ్మేద్దాము. తోట గుత్తకిచ్చేద్దాము."

అందుకే ఈ ఏడు వానలకు ముందే, ఉద్యోగంలో ఉన్నప్పటి అలవాటు కొద్దీ, నాకేం కావాలో కాగితం మీద రాసుకొని తిరుపతిలో అంగడికి వెళ్లాను. అంగడాయన చూపించిన ఖరీదైన జాకెట్‌కు వాన ఆపే పొర విడిగా ఉంది.

"వానొస్తే జాకెట్ విప్పి, ఈ పొర లోపల తగిలించి, మళ్లా ఏసుకోవల్ల సార్."

"అంతదాకా వాన ఆగుతాదా అప్పా?"

"ఏదన్నా చెట్టు కింద నిలబడండి."

"చెట్టు కింద నిలబడేదానికి జాకెట్ ఎందుకు? చెట్టే చాలు గదా."

అతడు నవ్వాడు. నేను హాస్యమాడలేదు. తడవకుండా ఉండడానికి ముందు తడవాలనే ఆ ఏర్పాటు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గాలి ఆడే జాలీ జాకెట్ ఒకటి, పైన తొడుక్కునే రెయిన్‌కోటు, వాన ప్యాంటు వేరుగా ఎంచుకున్నాను. అవన్నీ కట్టుకున్న పంచె మీదే వేసుకొని బయటికి వచ్చి, మిట్టమధ్యాహ్నపు ఎండలో నా బండెక్కి కూర్చున్నాను.

"అందురూ అద్దంలో సూసుకొని కొంటారు సార్," అని అంగడాయన వాపోయాడు.

అద్దం ముందు ఎవరూ బండి నడపరు. నిలబడినప్పుడు సరిపోయిన ప్యాంటు కూర్చోగానే పిక్కల మీదికి ఎగబాకింది. ఒక సైజు పెద్దది తీసుకున్నాను.

ఇంటి ముందు అదే విధంగా బండి మీద కూర్చుంటే, నా భార్య మొక్కలకు నీళ్లు పట్టే పైపుతో, అవసరానికి మించిన శ్రద్ధతో నన్ను తడిపింది. కోటు విప్పితే చొక్కా పొడిగా ఉంది. ప్యాంటు నడుము సడలించి చేయి పెడితే పంచె తొడల దాకా తడిసి ఉంది.

నాకు ఒళ్లు మండింది. అంగడికి రాయవలసిన ఫిర్యాదును అక్కడే పైకి చెప్పసాగాను.

"ఆగయ్యా. నీ పంచె కొస యాడుండాదో సూసుకో."

ప్యాంటు అడుగున జానెడు అంచు బయట వేలాడుతోంది. వత్తి నూనెను పీల్చినట్టు అది నీళ్లను పైకి పీల్చింది.

"సూటు మంచిదే. లోపల ప్యాంటేసుకో."

"తోటకు ప్యాంటేసుకొని ఎవురు పోతారు?"

"అట్లయితే పంచెతోనే బస్సులో పో."

తర్వాతి వానకు ఆఫీసు నాటి ప్యాంటు తొడుక్కొని, పంచెను ప్లాస్టిక్ కవరులో చుట్టి తీసుకెళ్లాను. తోటలో మోటారు కొట్టంలో పంచె కట్టుకున్నాను. మళ్లీ ప్యాంటు తొడుక్కొని తిరిగి వచ్చేటప్పుడూ వాన వదల్లేదు. నేను రెయిన్‌కోటు విప్పగానే నా భార్య లోపలి ప్యాంటు అంచును వేళ్లతో నలిపి చూసింది. పొడిగానే ఉంది.

"తోటలో చెట్ల కింద నీళ్లు నిలబడలేదు గదా?" అని అడిగింది.

బండి అమ్మే మాట ఎత్తలేదు.