ఎమ్మిగనూరు మగ్గం మీద మా అక్క తువ్వాళ్ళు

మంత్రాలయంలో తుంగభద్ర స్నానం చేసి, అక్కడే కొన్న మిల్లు తువ్వాలుతో తల తుడుచుకుంటే అది నీళ్ళు పీల్చకుండా చెవుల్లోకి తోసింది. ఆ చిరాకుతోనే ఆదోనిలో మా అక్క ఇంటికి చేరాను. అక్కేమో గృహప్రవేశానికి వచ్చేవాళ్ళకు తాంబూలంతో పాటు ప్లాస్టిక్ డబ్బాలు పంచాలని కూర్చుంది. చేనేత తువ్వాళ్ళు ఇద్దామన్నాను. "రేపు సాయంత్రం డబ్బాలకు ఆర్డరు చెప్పేస్తాను. ఆలోపు నీ తువ్వాళ్ళ సంగతి తేల్చు" అంది. నాకు పంతం పుట్టడానికి ఆ మాట చాలు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, చేనేతకు పేరున్న ఎమ్మిగనూరుకు పల్లెవెలుగు బస్సెక్కాను. ఆంధ్రా ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. మగవాళ్ళు యాభై రూపాయలు చేతిలో పెట్టుకోండి. దారంతా పత్తి చేలు చూసుకుంటూ గంటలో దిగిపోవచ్చు. ఆటో అన్నను మగ్గాల వీధికి తీసుకెళ్ళమన్నాను.

"అంగట్లో సవగ్గా దొరుకుతాయి గదక్కా, ఆ సందుల్లోకి యాడ పోతావు?" అన్నాడు.

"అంగటి తువ్వాలుతో ఎప్పుడైనా తల తుడుచుకున్నావా అన్నా?" అన్నాను. నవ్వేసి, నలభై రూపాయలకు దింపాడు.

ఆ వీధిలో ఒక్క ఇంట్లోనే మగ్గం చప్పుడవుతోంది. నేస్తున్న ఆమె పేరు లక్ష్మక్క. పక్కన మడిచి పెట్టిన తువ్వాలొకటి తీసి చూశాను. మెత్తగా, చేతికి బరువుగా ఉంది. ఒక్కోటి రెండు వందలంది. ఏదో గొప్ప సాయం చేస్తున్నట్టు, "ఉన్నవన్నీ నాకే ఇచ్చెయ్యండి, మగ్గం మీదది కూడా" అన్నాను.

"అయితే కోసేస్తానమ్మా. ఇదే ఆఖరుది" అంటూ ఆమె కత్తెర తీసుకుంది. "ఇంకా నెయ్యమని సెప్పేవాళ్ళు లేరు. మగ్గం ఇప్పేసి పత్తి మిల్లుకు కూలికి పోదామనుకుంటాండా."

మూలన కూర్చున్న ఆమె అత్త గట్టిగా అరిచింది. "కొసాకు కోయొద్దే! మగ్గానికుండే ఆ పోగులు మిగిలితేనే కొత్త పడుగు దారాలు అతికేది. అవీ తెగితే మళ్ళ ఒక్కో పోగూ ఎక్కించల్ల. అదింక అయ్యే పనేనా?"

నేను సంబరంగా కొంటున్న ఆఖరి తువ్వాలే ఆ మగ్గాన్ని ఆపేయబోతోంది! "ఉండక్కా, కోయొద్దు" అని ఆమెను ఆపి, మా అక్కకు వీడియో కాల్ చేసి తువ్వాలు చూపించాను. అక్క అటూ ఇటూ తిప్పించి చూసింది. లక్ష్మక్క కత్తెర పట్టుకుని నా మొహం వంకే చూస్తోంది.

"ఎర్రంచు వస్తుందా?" అంది అక్క.

మా అక్క రంగు దగ్గరికి వచ్చిందంటే ఒప్పుకున్నట్టే. గెలిచేశాను! గృహప్రవేశానికి సరిపడా తువ్వాళ్ళు అక్కడికక్కడే చెప్పేశాం. అమ్మేద్దామని అటక మీద పెట్టిన పడుగు చుట్టను కిందికి దించారు. అత్త పోగు జారకుండా వేళ్ళకు బూడిద రాసుకుని, పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి పురి పెట్టింది. మొదటి పోగు నిలిచింది. లక్ష్మక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను మాత్రం సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.

మిల్లు తువ్వాలు నేను కొన్నా, కొనకపోయినా మిల్లు ఆగదు. చేత్తో నేసినది కొంటే మాత్రం, ఒక ఇంట్లో రేపు పని ఉంటుందో లేదో అన్నది మన చేతిలో ఉంటుంది. అంత విలువ ఇంకే కొనుగోలులో ఉంది? మీరు వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: తయారుగా ఉన్నవి కొనుక్కుని వచ్చేయకండి, మగ్గం మీద పడుగు అయిపోకముందే తర్వాతవి చెప్పి రండి. గృహప్రవేశమైన వారానికి లక్ష్మక్క ఫోన్ చేసింది. "అమ్మా, మీ అక్క తోటికోడలు ఇంకన్ని సెప్పింది. మిల్లోళ్ళు రమ్మని పిలిస్తే, నాకు తీరిక లేదని సెప్పినా!"