సుబ్బరావమ్మ చేసిన నిండు సాయం

మంగళగిరి కొండమీద పానకాలస్వామికి ఎంత పానకం పోసినా సగమే పుచ్చుకుంటాడు, సగం భక్తుడికి వదిలేస్తాడు. మా ఊరి సుబ్బరావమ్మ ఏటా ఆ కొండ ఎక్కి, స్వామి దగ్గర ఈ ఒక్క గుణమే నేర్చుకుని దిగింది. ఎవరు ఏం చెప్పినా సగమే వింటుంది. మిగతా సగం చెప్పినవాళ్లకే వదిలేస్తుంది. సాయం దగ్గరకొచ్చేసరికి మాత్రం సగంతో ఆపడం ఆమెకు చేతకాదు.

పక్కింటి నాగజ్యోతి కూతురికి పెళ్లిచూపులని విన్నది. వచ్చే నెలలో అన్న మాట వినలేదు. ఆ సాయంత్రానికే గంపెడు జంతికలు వండి మోసుకొచ్చింది. పెళ్లివారు వచ్చేనాటికి ఒక్క జంతిక మిగల్లేదు గానీ, ఆ నెలంతా నాగజ్యోతి గడప తొక్కినవాళ్లెవరూ ఉత్త నోటితో తిరిగి రాలేదు. దేవుడు సుబ్బరావమ్మకు చెవులూ ఇచ్చాడు, చేతులూ ఇచ్చాడు. చేతులే కాస్త ముందు పుట్టినట్టున్నాయి.

మిరపకోతల కాలంలో ఆడకూలీల ముఠా ఒకటి ఆమె చెప్పినట్టు నడుస్తుంది. ఆటో మాట్లాడేది ఆమే, ఎవరి చేలో కోతో చెప్పేది ఆమే, ఒంట్లో బాగోని మనిషిని నీడన కూర్చోబెట్టి ఆ మనిషి సాలు కూడా తనే కోసేసేదీ ఆమే. అందుకే ముఠాలో ఫోను లేనివాళ్లందరి తరఫునా ఆఫీసుల్లో ఆమె నంబరే ఉంటుంది. రెబ్కా తరఫున కూడా.

రెబ్కాది చర్చి వీధి. కూతురు జ్వరంతో పోయింది. అల్లుడు మార్టూరులో రాళ్ల పనికి వెళ్లి అక్కడే మరో కాపురం పెట్టాడు. మనవరాలు ఆరాధన నాలుగో తరగతి, మనవడు ఎలీషా ఒకటో తరగతి. ముగ్గురికీ కలిపి ఒక్క గది. సుఖమైనా కష్టమైనా రెబ్కా "ప్రభువు చిత్తం" అంటుంది, కొంగు బిగించి కోతకు పోతుంది.

ఆ ఫిబ్రవరిలో ఎలీషాకు జ్వరం వచ్చి బడికి పోలేదు. ఒక్కణ్ణే ఇంట్లో ఎలా వదులుతుంది? కల్లానికి వెంటబెట్టుకెళ్లింది. తమ్ముడికి తోడుగా ఆరాధన కూడా బడి మానింది. ఎండబోసిన మిరపకాయల పక్కన, ఘాటుకు కళ్లు నులుముకుంటూ కూర్చున్న పిల్లల్ని దారినపోయేవాళ్లెవరో చూశారు. మనసు ఊరుకోక, పిల్లల కష్టాలు చెప్పుకునే ప్రభుత్వ నంబరుకు ఫోన్ చేశారు. వాళ్లు చేసిందీ మంచి పనే.

అలా గుంటూరులో పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు నుంచి మాధురి అనే అమ్మాయి సుబ్బరావమ్మకు ఫోన్ చేసింది.

"రేపు మధ్యాహ్నం రెబ్కాగారి ఇల్లు చూడటానికి వస్తానండి" అంది. ఇది మొదటి సగం. సుబ్బరావమ్మ శుభ్రంగా విన్నది.

"పిల్లలు అమ్మమ్మ దగ్గర క్షేమంగా ఉంటారో లేదో చూడాలి. ఇంట్లో కుదరదనిపిస్తే హోమ్‌లో చేర్చాల్సి వస్తుంది" అంది. ఇది రెండో సగం. ఆ సమయానికి సుబ్బరావమ్మ "బస్తాల మూతులు కట్టండే, ఆటో వచ్చేసింది!" అని చేను దద్దరిల్లేట్టు అరుస్తోంది.

"సరేనండి, అంతా నేను చూసుకుంటా" అని ఫోను పెట్టేసింది.

ఇల్లు చూడటానికి ఆఫీసరు వస్తున్నారంటే మా వైపు ఒకటే అర్థం. ఏదో పథకం ఇస్తారు, ఇంట్లో నాలుగు వస్తువులు కనబడితే ఇవ్వరు. అలాంటి రోజుల్లో మా వీధుల్లో టీవీలు దుప్పట్లు కప్పుకుని పక్కిళ్లకు చుట్టపుచూపుగా వెళుతుంటాయి.

మర్నాడు కోత మానిపించి, మొగుడు బుల్లయ్యనూ నాగజ్యోతినీ వెంటేసుకుని సుబ్బరావమ్మ రెబ్కా ఇంటికి వచ్చింది. పిల్లలు బడికి వెళ్లారు.

"లే వదినా, ఇల్లు సర్దాలి."

"పొద్దున్నే ఊడ్చి కడిగాను కదా వదినా."

"కడిగావా? నిన్నెవరు కడగమన్నారు? ఆఫీసరమ్మ వచ్చి చూస్తే కలిగినోళ్ల ఇల్లనుకోదూ!"

టేబుల్ ఫ్యాను నాగజ్యోతి చంకనెక్కింది. బియ్యం డబ్బా, కంచాలు, చాప, పిల్లల దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి వీధి దాటాయి.

"మంచం కూడానా వదినా? పిల్లలు పడుకునేది దాని మీదే."

"సాయంత్రానికి తిరిగొస్తుందిలే. మంచమేగా, మీ అల్లుడా ఏంటి, మార్టూరు వెళ్లి రాకుండా పోవడానికి?"

రెబ్కాకు నవ్వొచ్చింది. అల్లుడి మాట ఎత్తితే ఏడవకుండా నవ్వడం ఆమెకు అదే మొదటిసారేమో.

బుల్లయ్య మంచం నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చేసరికి, అరుగు మీద కూర్చున్న పేరయ్య ఊరుకోలేదు. "ఏరా బుల్లయ్యా, సుబ్బరావమ్మ నిన్ను మంచంతో సహా గెంటేసిందా?"

"నోరు మూసుకుని ఓ కోడు పట్టుకోరా!" అన్నాడు బుల్లయ్య. పేరయ్య పట్టుకున్నాడు.

తిరిగొచ్చి, "ఇంకేం మిగిలిందే? బల్బు కూడా విప్పమంటావా?" అన్నాడు బుల్లయ్య వేళాకోళంగా.

"మంచి మాట గుర్తు చేశావు. విప్పు."

బల్బు బుల్లయ్య జేబులోకి వెళ్లింది. గోడకు బైబిలు వాక్యం క్యాలెండరు ఒక్కటే మిగిలింది. "అది ఉండనీ. దేవుడి జోలికి నేను పోను" అంది సుబ్బరావమ్మ.

మాధురి స్కూటీ మీద వచ్చింది. చిన్న వయసు పిల్ల. కూర్చోమనడానికి కుర్చీ లేదు. ఆ పిల్ల ఏమీ అనుకోకుండా నేల మీదే కూర్చుంది.

"పిల్లలు ఎక్కడ పడుకుంటారమ్మా?" అని రెబ్కాను అడిగింది.

"కటిక నేల మీదేనండి" అంది సుబ్బరావమ్మ. "చాపైనా లేదు."

"రాత్రిపూట చదువుకుంటారా?"

"లైటేదండి చదువుకోడానికి?" అని వేలాడుతున్న వైరు చూపించింది.

"అన్నం?"

"ఉన్ననాడు తింటారండి. లేనినాడు మంచినీళ్లు తాగి ముడుచుకుంటారు. చూడండి, బియ్యం పోసుకోడానికి డబ్బా కూడా లేదు!"

మాధురి ముఖం దిగులుపడుతున్నకొద్దీ సుబ్బరావమ్మకు లోపల సంబరం. పథకం ఇక చేతిలో పడ్డట్టే. రెబ్కా తల దించుకుంది. తన ఇంటిని గురించి ఇన్ని అబద్ధాలు ఒక్కసారే వినడం ఆమెకు కష్టంగా ఉంది, చెప్పేది తన మంచికేనని ఊరుకుంది.

మాధురి రెబ్కా చెయ్యి పట్టుకుంది. "మీరు బాధపడకండమ్మా. మీ కష్టం అర్థమైంది. గుంటూరు హోమ్‌లో పిల్లలకు మంచాలుంటాయి, వేళకు భోజనం పెడతారు. మీరు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు."

రెబ్కా నోట ఆ రోజు "ప్రభువు చిత్తం" కూడా రాలేదు.

"హోమేంటండీ?" అంది సుబ్బరావమ్మ.

"నిన్న ఫోన్లో చెప్పాను కదండీ." మాధురి ఆ రెండో సగం మళ్లీ చెప్పింది.

సుబ్బరావమ్మ గడప మీద చతికిలబడింది. మరుక్షణమే లేచింది. "ఏమయ్యోయ్! మంచం పట్రా! జ్యోతీ, ఫ్యాను! అన్నీ తెండి, పరిగెత్తండి! తల్లీ, ఇదంతా నేను చేసిన పాడుపని. ఈ ఇంట్లో అన్నీ ఉన్నాయి, లేనిదంటూ లేదు!"

వీధి వీధంతా కదిలింది. పోయినవన్నీ వచ్చాయి. కంగారులో పోనివి కూడా వచ్చాయి. నాగజ్యోతి తన మిక్సీ తెచ్చింది. బుల్లయ్య తన ఇంటి కూలరు ఈడ్చుకొచ్చాడు. పేరయ్య, తనూ ఒక చెయ్యి వెయ్యాలని, పడక్కుర్చీ తెచ్చి వేశాడు. గదిలో నిలబడటానికి చోటు లేకపోయింది.

మాధురి నవ్వలేదు. "ఇందాక ఏమీ లేదన్నారు. ఇప్పుడు అన్నీ ఉన్నాయంటున్నారు. నేను దేన్ని నమ్మాలండీ?"

అబద్ధమాడినవాళ్ల నిజానికి విలువేముంటుంది?

అంతలో బడి వదిలి పిల్లలు వచ్చారు. ఆరాధన గుమ్మంలో ఆగి లోపలికి చూసింది.

"అమ్మమ్మా, మనింట్లో ఏమన్నా పెళ్లా?"

ఆ పిల్ల సంచి మేకుకు తగిలించి పనిలో పడింది. ముందు మంచం లాగి గోడవారకు చేర్చింది. నేల మీద మంచం కోళ్లు రాసుకుని పడిన మచ్చలున్నాయి, నాలుగు కోళ్లూ వాటి మీదే కూర్చున్నాయి. కంచాలు గూట్లోకి, దుప్పట్లు మంచం కాళ్లవైపుకి వెళ్లాయి. తర్వాత చోటు లేనివాటి సంగతి చూసింది.

"జ్యోతత్తా, మీ మిక్సీ మా ఇంటికెందుకొచ్చింది? బుల్లయ్య తాతా, ఈ కూలరు మీదే, నీళ్లు కారుతోందని మొన్న తిట్టారుగా. పేరయ్య తాతా, కుర్చీ తీసుకెళ్లు, నీకు నడుం నొప్పి."

ఒక్కొక్కళ్లూ తమ వస్తువు తీసుకుని తల వంచుకుని బయటికి నడిచారు. చివరికి గదిలో రెబ్కా సంసారం ఎంతో అంతే మిగిలింది. ఎలీషా మంచమెక్కి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అది తమ్ముడి చోటు" అని ఆరాధనే మాధురికి చెప్పింది. "ఇటువైపు నేను. అమ్మమ్మ కింద చాప మీద. పైకి రమ్మంటే నడుం నొప్పంటుంది. ఉత్తదే. చోటు చాలదని."

రెబ్కా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మాధురి ఆ మచ్చల్లో కుదురుకున్న మంచం కోళ్లవైపు చూసింది.

"ఇప్పుడు చూశానమ్మా మీ ఇల్లు" అంది. "పిల్లలు మీ దగ్గరే ఉండొచ్చని రాస్తాను. నెలనెలా వాళ్లకు సాయం అందే ఏర్పాటుకు కూడా రాస్తాను. కానీ ఒక్కటి తేలాలి. కోతల రోజుల్లో బడి వదిలాక, ఒంట్లో బాగోనప్పుడు, వీళ్లను చూసేదెవరు? మళ్లీ కల్లంలో కూర్చోబెడితే నేను రాసిందానికి అర్థం ఉండదు."

అందరూ సుబ్బరావమ్మవైపు చూశారు, మధ్యలో అందుకుంటుందని. అందుకోలేదు. మాధురి ఆపాక కూడా, ఇంకేమన్నా ఉందేమోనని ఆగింది.

"అయిపోయిందా తల్లీ?"

"అయిపోయిందండి."

"అయితే విను. ముఠాలో వంతు పెట్టుకుంటాం. రోజుకొకళ్లం ఊళ్లో ఆగి పిల్లల్ని చూస్తాం, వీళ్లిద్దర్నే కాదు, ముఠాలో అందరి పిల్లల్నీ. ఆగిన మనిషి సాలు మిగతావాళ్లం కోస్తాం. ఒకళ్లు పడిపోతే సాలు పంచుకోమూ? ఇదీ అంతే. చర్చి వరండా ఇమ్మని జోసఫ్ పాస్టరుగారిని అడుగుతాం."

"ఎక్కాలు నేను చెప్పిస్తా" అన్నాడు పేరయ్య వీధిలోంచి.

"నీకు ఎన్నో ఎక్కం దాకా వచ్చు?" అంది సుబ్బరావమ్మ.

"పిల్లలు నేర్పుతార్లేవే!"

అప్పుడు మాధురి నవ్వింది. రెబ్కా గూట్లోంచి గ్లాసు తీసి కడిగి మంచినీళ్లిచ్చింది.

మాధురి వెళ్లాక, చీకటి పడే వేళకు బల్బు సంగతి గుర్తొచ్చింది. బుల్లయ్య జేబులో చెయ్యి పెడితే గాజుపెంకులు తగిలాయి, కంగారులో దాని మీదే కూర్చున్నాడు. సుబ్బరావమ్మ ఇంటికి పోయి, వంటింటి బల్బు విప్పుకొచ్చి పిల్లల గదిలో పెట్టించింది. ఆ పూట మొగుడికి తడుముకుంటూ వడ్డించింది. పచ్చడి అనుకుని ఏం కలుపుకున్నాడో ఆయన ఇప్పటికీ చెప్పడు.

ఆఫీసులో పెద్దలు పిల్లల్ని అమ్మమ్మ దగ్గరే ఉంచమన్నారు. చర్చి వరండాలో సాయంత్రాలు ఎక్కాలు వినబడుతున్నాయి, పేరయ్య గొంతు కాస్త వెనకగా.

మొన్న మాధురి మళ్లీ ఫోన్ చేసింది. సుబ్బరావమ్మ చేలో అందర్నీ కోత ఆపమంది. "నోళ్లు మూసుకోండే, ఆ అమ్మాయి చెప్పడం కాలేదు." మిరపచెట్ల మధ్య అంత నిశ్శబ్దం ముఠా ఎరగదు. పిల్లలెలా ఉన్నారో చూడటానికి వచ్చే వారం వస్తానని మాధురి మొత్తం చెప్పింది. సుబ్బరావమ్మ మొత్తం విన్నది.

"అంతా అర్థమైంది తల్లీ. ఒక్కమాట అడుగుతా, ఏమనుకోకు" అంది. "ఈసారి సామాను ఉంచాలా, తియ్యాలా?"