పిన్నిగారిచ్చిన ఎక్స్‌పీరియెన్స్ లెటర్

గుండుగొలనులో హైవే పక్కనున్న ఒక భోజన హోటల్లో నేను ఏడేళ్ళు వంట చేశాను. ఈ వాక్యం రాయడానికి నాకు అర నిమిషం పట్టలేదు. ఇదే వాక్యాన్ని ఒక పరాయి దేశపు వీసా ఆఫీసు చేత నమ్మించబోతే మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. నా చేతి చేపల పులుసు తిన్నవాళ్ళు కొల్లేరు చుట్టూ ఎంతమంది ఉంటారో. చెరువుల రైతులు, ఐసు లారీల డ్రైవర్లు, ఏలూరు కోర్టుకి వాయిదాలకెళ్ళేవాళ్ళు, అందరూ తిని బాగుందన్నవాళ్ళే. ఆ బాగుందన్న మాట కాగితం మీద పెట్టమన్నప్పుడే వచ్చింది తంటా.

మాది దెందులూరు. మా ఆయన పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ తోలేవాడు. పాప నాలుగో తరగతి. పొద్దున్నే పాపకి జడ వేసి, షేర్ ఆటో పట్టుకుని నేను హోటల్‌కి చేరేసరికి చేపలు వచ్చి ఉండేవి. శీలావతి, బొచ్చె, అదృష్టం బాగుంటే కొరమీను. మొప్పలెత్తి చూసి, మెత్తబడినవి వెనక్కి పంపేసి, మిగతావి కోసి పొయ్యి వెలిగించేదాన్ని. పులుసులో గరిటె పెట్టకూడదు, ముక్క విరిగిపోతుంది. మసిగుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని తిప్పాలి. అంత పెద్ద గిన్నె తిప్పీ తిప్పీ నా మణికట్లు తనవాటికన్నా లావయ్యాయని మా ఆయన ఏడిపించేవాడు.

హోటల్ యజమానురాలిని నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. వాళ్ళది భూములున్న రైతు కుటుంబం. ఆయనగారు చెరువుల పని మీద తిరుగుతుంటే హోటల్ ఆవిడే చూసుకునేది. చేరిన కొత్తలో నేను అమ్మగారూ అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "అమ్మగారేంటే, పరాయిదానిలాగా. పిన్నీ అను," అంది. మేం చర్చికెళ్ళేవాళ్ళం, వాళ్ళు గుడికెళ్ళేవాళ్ళు. మా పేటలోంచి వచ్చినదాన్ని పిన్నీ అనమనే యజమానురాలు ఆ చుట్టుపక్కల ఇంకొకరు ఉంటారనుకోను. పాపకి డెంగీ వచ్చి ఏలూరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సులో వచ్చేది. నేను స్నానం చేసి వచ్చేదాకా పాప కాళ్ళు నిమురుతూ కూర్చునేది. అది నేను చచ్చేదాకా మర్చిపోను.

కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఇంటి పిల్లకి డ్యూటీ టైం ఉండదు. వాళ్ళింట్లో వ్రతమైనా, నిశ్చితార్థమైనా వంట నాదే. సెలవడిగితే, "మనింట్లో మనకి సెలవేంటే," అని నవ్వేది. ఆదివారం ఆరాధనలో రెండో పాట అవకముందే నేను లేచి ఆటో కోసం పరిగెత్తాలి. ఒళ్ళు మండేది. అంత ప్రేమగా నవ్వే మనిషిని ఏమనగలం? నోరు మూసుకుని వెళ్ళేదాన్ని.

కెనడా మాట ముందు చెప్పింది నాతో ఇంటర్ చదివిన స్నేహితురాలు. తను అక్కడ నర్సు. వంటవాళ్ళు దొరక్క హోటళ్ళవాళ్ళు బయట దేశాల నుంచి పిలిపించుకుంటున్నారని ఒక లింకు పంపింది. నేను తాడేపల్లిగూడెంలో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. టై కట్టుకున్న కుర్రాయన కిచెన్ హెల్పర్‌గా అయితే తొందరగా పంపిస్తామన్నాడు.

"దానికి పీఆర్ వస్తుందాండీ?" అన్నాను.

"అది వెళ్ళాక చూసుకోవచ్చు మేడమ్."

నేను అప్పటికి రెండు వారాలుగా ఆ దేశం గవర్నమెంటు సైటు ఫోన్లో చదువుతున్నాను. తెలియని మాటలు నోటుబుక్కులో రాసుకుని మరీ చదివాను. పీఆర్ అంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి; హెల్పర్ పని చాలా చోట్ల ఆ లెక్కలోకి రాదు. కుక్ పని వస్తుంది. నాకు కావలసింది నేనొక్కదాన్నీ ఏళ్ళ తరబడి అక్కడుండి ఇంటికి వీడియో కాల్ చెయ్యడం కాదు. మేం ముగ్గురం ఒక ఇంట్లో ఉండాలి, శాశ్వతంగా. నేను చేసే పనికి ఒక పేరుండాలి.

"గిన్నెలు కడగడానికి అంత దూరం ఎందుకండీ, దెందులూరులో గిన్నెల్లేవా?" అన్నాను. ఆయన నవ్వి, అయితే హైదరాబాద్ పెద్ద హోటల్లో కుక్‌గా చేసినట్టు కాగితం తెప్పిస్తానన్నాడు. నేను హైదరాబాద్ మొహమే చూడలేదంటే, చూడక్కర్లేదన్నాడు. ఏడేళ్ళు నిజంగా వండినదాన్ని, దొంగ కాగితం నాకెందుకు? చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.

ఆ తర్వాత అన్నీ నేనే చేసుకున్నాను. వారానికి కొన్ని చొప్పున ఉద్యోగాలకి రాశాను. ఎవరూ పలకలేదు, మళ్ళీ రాశాను. విజయవాడలో ఇంగ్లీషు పరీక్ష మొదటిసారి రైటింగులో పోయింది, రెండోసారి గట్టెక్కాను. చివరికి గోధుమ పొలాల మధ్యనున్న ఒక చిన్న ఊరి రెస్టారెంటాయన వీడియోలో ఇంటర్వ్యూ చేశాడు. మా ఆయన ఫోన్ పట్టుకుంటే నేను చేప కోసి చూపించాను. కత్తిపీట మీద కూర్చుని కొయ్యడం చూసి ఆయన, మా దగ్గర నిలబడి కొయ్యాలి, నేర్చుకుంటావా అన్నాడు. నేర్చుకుంటానన్నాను. ముందు వర్క్ పర్మిట్, అక్కడ ఏడాది కుక్‌గా చేశాక ముగ్గురికీ పీఆర్‌కి పెట్టుకోవచ్చు. నేను నిజంగా వంటమనిషినని రుజువు కావాలి, అంతే. ఏలూరులో నెట్ సెంటర్లో లెటర్ టైపు చేయించాను. పిన్నిగారు కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా సంతకం పెట్టి, హోటల్ ముద్ర వేసి, "నువ్వు వెళ్ళిపోతే నాకు చెయ్యి విరిగినట్టేనే," అంది.

మూడు నెలలకి జవాబొచ్చింది. తిరస్కరించారు. చెప్పిన అనుభవం నిజమని నమ్మకం కలగలేదని రాశారు. ఆ వాక్యం నేను నాలుగుసార్లు చదివాను. ఒక్క కల్లమాట లేకుండా పంపిన కాగితానికి, దొంగ కాగితానికొచ్చే జవాబొచ్చింది. హోటల్‌కి వెళ్ళి పిన్నిగారికి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోయింది.

"అదేంటే, వాళ్ళు ఫోన్ చేస్తే నీ గురించి అంత గొప్పగా చెప్పానుగా."

"ఏం చెప్పారు పిన్నిగారూ?"

ఆవిడ సంబరంగా చెప్పుకొచ్చింది. ఎవరో తెలుగావిడ మాట్లాడిందట. మీ దగ్గర ఉద్యోగం చేస్తోందా అంటే, ఉద్యోగమేంటండీ, మా ఇంటి పిల్లండీ అందట. ఎన్ని గంటలు చేస్తుందంటే, సొంతింట్లో గంటలేంటండీ, ఎప్పుడు రావాలంటే అప్పుడొస్తుందండీ అందట. జీతం అడిగితే, మా మధ్య జీతాల మాటే లేదండీ, నా కూతురు ఒకటీ తనొకటీ కాదండీ అందట. నెలనెలా ఒకటో తారీఖున నాకు జీతమిచ్చే మనిషే ఆ మాటంది. నన్ను చిన్నబుచ్చకూడదని.

"నేను ఏడేళ్ళు పని చేశాను పిన్నిగారూ," అన్నాను. "మీరేమో చెయ్యలేదని చెప్పారు."

"నువ్వు పనిమనిషివని చెప్పమంటావా? నా నోటితో?"

"కుక్‌ని అని చెప్పమంటున్నానండీ. అందులో తప్పేముంది?"

"మరి నిన్ను కన్నబిడ్డలా చూసుకున్నదంతా ఏమైపోయినట్టు?"

అక్కడ ఆగి ఉండాల్సింది. నా నోరు ఊరుకోదు. "కన్నబిడ్డలు ఈ పొయ్యి దగ్గర నిలబడతారాండీ? మీ అమ్మాయి ఒక్కరోజైనా ఈ వంటింట్లోకి వచ్చిందా?" అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. క్యాష్ కౌంటర్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అన్న మాట నిజమే, కానీ అలా అనాల్సింది కాదని ఆ పూటే తెలుసు. అయినా క్షమించమని అడగలేదు. అడిగితే మళ్ళీ ఇంటి పిల్లనైపోతాను, నా కాగితం అక్కడే ఆగిపోతుంది.

మర్నాడు హోటల్‌కి వెళ్తే, "రండి," అంది. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూశాను. నన్నే. "ఏవండీ, ఈ రోజు బొచ్చెలు తక్కువొచ్చాయండీ. చూసుకోండి." మా వైపు మనుషులకి కోపమొస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. తిట్టినా బాగుండేదనిపించింది. క్యాలెండర్ వెనక పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గోడకి అంటించింది: పని వేళలు ఎనిమిది నుంచి నాలుగు, ఆదివారం సెలవు. నాలుగు కొట్టగానే వచ్చి, "మీకు టైమయిందండీ, బయల్దేరండి," అనేది. నాదీ పంతమే. "సరేనండీ," అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయేదాన్ని.

కానీ, ఉన్నమాట చెప్పాలి. ఏడేళ్ళలో మొదటిసారి ఆదివారం ఆరాధన ఆఖరి ప్రార్థన దాకా కూర్చున్నాను. సాయంత్రాలు పాపని నేనే చదివించాను. అది నాకు నచ్చింది. ఆవిడ "ఏమే" అని పిలవకపోవడం మాత్రం అన్నం సయించనంత బాధగా ఉంది. రెండూ ఒక్కసారే ఎలా ఉంటాయో నాకూ తెలియదు, ఉన్నాయి. రెస్టారెంటాయన వేసవి దాకా చూస్తానని, ఆ తర్వాత వేరేవాళ్ళని పెట్టుకుంటానని రాశాడు. నేను కొత్త లెటర్ రాయించాను. చేసే పనులన్నీ విడివిడిగా, వేళలతో సహా. ఆవిడ ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. "వ్రతాల వంటలు రాయలేదేంటండీ?" అని మాత్రం అడిగి, నేను జవాబు చెప్పేలోపే సంతకం పెట్టేసింది. మళ్ళీ అప్లికేషన్ పంపాను. ఈసారి కూడా కాదంటే ఇక ఆ ఉద్యోగం లేదు.

రెండో ఫోన్ ఒక మధ్యాహ్నం, భోజనాల రద్దీలో వచ్చింది. పిన్నిగారు ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది. కౌంటర్‌కీ వంటింటికీ మధ్య ఒక చిన్న కిటికీ, అంతే. పులుసు ఉడుకుతోంది. నేను గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడిపోయాను.

"అవునండీ, మా హోటల్లో కుక్ అండీ. ఏడేళ్ళు దాటిందండీ. ఎనిమిదింటికొస్తారు, నాలుగింటికెళ్తారు. జీతం ఒకటో తారీఖునండీ." ఏం పనులు చేస్తుందని అడిగింది అవతలావిడ. "చేపలు ఆవిడే చూసి తీసుకుంటారండీ. నచ్చకపోతే వెనక్కి పంపేస్తారు, నేను చెప్పినా వినరు. పులుసు, వేపుడు, ఇగురు, అన్నీ ఆవిడ చేతి మీదే. ఆవిడ రాని రోజు జనం తినకుండా లేచి వెళ్ళిపోతారండీ." ఇంత వివరంగా ఆవిడ నన్ను చూస్తోందని నాకు ఏడేళ్ళలో తెలియదు.

"ఆమె మీకు బంధువాండీ?" అని వినిపించింది.

బయట ఎవరో పెరుగు అడుగుతున్నారు.

"కాదండీ."

"వేరే ఏ సంబంధమూ లేదా?"

"లేదండీ. నాకు ఏమీ కాదు. జీతానికి పనిచేస్తారు, అంతే."

ఆ మాటతోనే అప్లికేషన్ నిలబడింది. వేసవి దాటకుండా వీసా వచ్చింది. ఇప్పుడు నేను నిలబడి చేపలు కోస్తున్నాను, ముగ్గురి పేర్లతో పీఆర్ ఫారం నింపుతున్నాను. కానీ ఆ మధ్యాహ్నం అవేవీ నాకు తెలియవు. ఆ మాట అనిపించడానికి అన్ని నెలలు కొట్లాడినదాన్ని, తీరా చెవిన పడేసరికి ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆవిడ వంటింట్లోకి వచ్చింది. నా మొహం చూడలేదు. నా చేతిలోంచి మసిగుడ్డ లాక్కుని, తనే గిన్నె పట్టుకుని తిప్పి, పొయ్యి ఆపేసింది. గిన్నె వదలకుండా అలాగే నిలబడింది.

"ఇంకెప్పుడూ నాచేత ఆ మాట అనిపించకే," అంది.