నీళ్ళు కట్టేసిన ఆదివారం

ఎండాకాలం సెలవులు ఇచ్చిన మరుసటి రోజు మా మనవరాలు మంచం మీద అడ్డంగా పడుకొని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకొని, పైకి చదవడం మొదలుపెట్టింది. ఖర్చు లేకుండా పిల్లాజెల్లాతో బెంగళూరు చూసి రావడం ఎట్లాగో ఎవరో పుణ్యాత్ములు వరసబెట్టి రాశారట. ఫలానా పార్కు ఉచితం, ఫలానా చెరువు గట్టు ఉచితం, ఆదివారం సాయంత్రం రంగుల నీళ్ళ ఫౌంటెను ఉచితం. తిండి ఇంటి నుంచే కట్టుకొని పోండి, నీళ్ళ సీసా మరవద్దండి అని చివర్లో బుద్ధులు కూడా చెప్పారు. నేను గడప దగ్గర కూర్చొని శనక్కాయలు ఒలుస్తూ వింటున్నాను. నవ్వొచ్చింది. ఆ జాబితా మొత్తం మా ఆయన ముప్పై ఐదేండ్ల కిందటే నోటితో ఒప్పజెప్పేవాడు, అదీ ఒక్క అక్షరం రాకుండా.

"ఏమవ్వా, నవ్వుతాండావు? నువ్వెప్పుడన్నా చూసినావా ఆ ఫౌంటెను?" అంది మనవరాలు.

నేను జవాబు చెప్పేలోపల వంటింట్లోంచి నా కూతురు అందుకుంది. "మీ అవ్వ చూసింది, నేను చూసినా, మీ మామ చూసినాడు. మీ తాత ఒగడే చూడల్యా. ఆయనకు ఇట్లాంటివి పడవు. తలనొప్పని చెప్పి గేటు బయటే కూచుండె."

ఆ తర్వాత నాకు కాయలు ఒలవబుద్ధి కాలేదు. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన గురించి ఇంట్లో మిగిలిన నాలుగు మాటల్లో ఈ అబద్ధం ఒకటి. అది పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై ఐదు దాటాక. బడి వసారాలో పలక పట్టుకొని కూర్చుంటే పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకొని నవ్వేవాళ్ళు. సొగసుగా చెప్పడం రాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది కంబదూరు పక్క పల్లె. ఆ ఏడు శనక్కాయ విత్తాక వాన మొహం చాటేసింది. చెట్టు జానెడు కూడా లేవలేదు. పీకి చూస్తే ఊడలకు కాయ లేదు, గొర్రెలు కూడా వాసన చూసి పక్కకు పోయాయి. ఊళ్ళో సగం మందిమి ఇళ్ళకు తాళాలేసి, సద్దిమూటలు కట్టుకొని లారీ ఎక్కి బెంగళూరు పోయాం. ఊరి చివర నాలుగంతస్తుల ఇల్లు కడుతుంటే దాని పక్కనే రేకుల షెడ్డులో కాపురం. కూతురికి అప్పుడు ఎనిమిదేళ్ళు, కొడుక్కు ఐదు. నేను ఇటుకలు మోసేదాన్ని, ఆయన గుంతలు తవ్వేవాడు. ఆయనకు అక్కడ అన్నిటికన్నా విచిత్రంగా తోచింది సిమెంటు గోడలకు నీళ్ళు తాపడం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రబ్బరు పైపు పట్టుకొని గోడను తడుపుతారు. ఆయన పార కింద పెట్టి నిలబడి చూసేవాడు. "ఈ గోడకుండే రాత మన శనక్కాయకు ల్యాకపాయ కదే" అనేవాడు. ఒకసారి మేస్త్రితోనే అన్నాడు, "ఏమప్పా, ఇన్ని నీళ్ళు తాపితే ఇది ఎకరాకు ఎన్ని మూటలు కాస్తాది?" అని. మేస్త్రి వారం రోజులు అందరికీ చెప్పి నవ్వాడు.

ఆదివారం మధ్యాహ్నం నుంచి పని ఉండదు. మిగతా మగవాళ్ళు పేకముక్కల దగ్గర కూర్చుంటే ఆయన మాత్రం తెల్ల చొక్కా తొడుక్కొని, పిల్లవాణ్ణి భుజానికెత్తుకొని ఊరు చూపించడానికి బయల్దేరేవాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: తిరిగి షెడ్డుకు వచ్చేదాకా డబ్బులు కట్టుకున్న నా చెంగు ముడి విప్పకూడదు. ఆ షరతు మీద ఆ మహానగరాన్ని మేము చూసినంత ఎవరూ చూసి ఉండరు. రైలు స్టేషను పైన ఇనుప వంతెన ఎక్కి కింద పోయే రైళ్ళను చూసేవాళ్ళం. పొగ మొహానికి కొడితే పిల్లలు కేకలు పెట్టేవాళ్ళు. విమానాలు దిగేచోట ముళ్ళకంచె పట్టుకొని నిలబడేవాళ్ళం. పెద్ద అంగడి అద్దాల వెనక ఒక బొమ్మ కోతి రోజంతా తాళం వాయిస్తుండేది, దాని ముందు ఒక గంటసేపు గడిపేవాళ్ళం. ఆకలైతే ఏదో ఒక మెట్టు మీద కూర్చొని రాగి సంగటి, శనక్కాయల ఊరుబిండి పచ్చడి. అక్కడ నుంచి లేచి పొమ్మంటే ఇంకో మెట్టు. ఉచితంగా చూసేవాడికి ఒకటే కష్టం, ఎవరు లెమ్మన్నా లేవాలి. ఆ సంగతి మనవరాలి జాబితాలో రాయలేదు.

ఆ రంగుల ఫౌంటెను మాట ముందుగా మేస్త్రి కూతురు మోసుకొచ్చింది. ఒక పార్కులో ఆదివారం పొద్దు కుంగే వేళ నీళ్ళు ఎర్రగా, పచ్చగా లేచి పాటకు తగ్గట్టు ఆడతాయంట. అప్పటినుంచి నా కూతురికి అదే జపం. మా ఊళ్ళో నీళ్ళు కొళాయిలోంచి దగ్గుకుంటూ వచ్చేవి. నీళ్ళు ఆడతాయి అంటే ఆ పిల్లకు దేవుడు కనిపించినంత. ప్రతి ఆదివారం అడిగేది. ప్రతి ఆదివారం ఏదో ఒకటి అడ్డం: పార్కు దూరం, తమ్ముడు నడవలేడు, మొన్న మిషను చెడిపోయిందంట. చివరికి ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టి "ఊరికి పోయే లోపల చూపిస్తా పాపా, ఒట్టు" అన్నాడు. నాలుగు నెలలకు అక్కడ మా పని అయిపోయింది. సోమవారం లారీ అన్నారు. మిగిలింది ఒక్క ఆదివారం. షెడ్డుల్లో పిల్లలందరికీ పోయి చెప్పింది నా కూతురు, "మా నాయన ఈ పొద్దు చూపిస్తాడు" అని.

మూడు గంటలు నడిచి పోయాం. నేను పెళ్ళిచీర కట్టుకున్నాను. పార్కంతా జనం. గడ్డి మీద బట్టలు పరుచుకొని కుటుంబాలు కూర్చున్నాయి. మేము ఫౌంటెనుకు ఎదురుగా, గేటుకు దగ్గర్లో చోటు పట్టుకున్నాం. పక్కన ఒక పట్టుచీర ఆమె, మంచిమనిషి, పిల్లలిద్దరికీ తలా ఒక చక్కిలం ఇచ్చి, ఏ ఊరమ్మా అని కన్నడంలో అడిగింది. మా పక్క కన్నడం అందరికీ తెలుసు గనక జవాబిచ్చాను. నాలుగు నెలల్లో ఆ ఊరి మనిషి నన్ను కూర్చోబెట్టి మాట్లాడడం అదే మొదలు. నాకెంత గొప్పగా అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. దారిలో ఎవరి కొళాయి పారుతున్నా, అది పగవాడి ఇంటిదైనా, ఆగి కట్టేసి పోవాలి. కట్టకుండా పోయినవాణ్ణి అన్నం తొక్కినవాణ్ణి చూసినట్టు చూస్తారు. మా ఇళ్ళలో మొహం కడిగిన నీళ్ళు మిరపచెట్టుకు, బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకు పోతాయి. అట్లాంటి ఊరి నుంచి వచ్చిన మా ఆయన ఎదురుగా, ఆ పార్కులో దారికి అవతలి గడ్డికి పైపులు నీళ్ళు చిమ్ముతున్నాయి. గడ్డి నిండి, దారి మీదికి పారి, మోరీలోకి పోతున్నాయి. ఆయన కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత నా చెవిలో, "ఈ గడ్డి ఏ గొడ్డుకేస్తారే?" అన్నాడు. ఏ గొడ్డుకూ వేయరు, చూడ్డానికి పెంచుతారన్నాను. ఇంకాసేపు కూర్చున్నాడు. "మోరీలోకి పోతాండాయే" అన్నాడు. "పోనీలే, నీ అబ్బ సొమ్మా?" అన్నాను. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని లేచాడు. గేటు పక్కన గుంతలో ఇనుప చక్రం ఉంది. దాన్ని తిప్పి కట్టేశాడు. నీళ్ళు ఆగిపోయాయి. మావైపు తిరిగి, సొంత చేనికి నీళ్ళు పెట్టొచ్చినవాడిలాగా నవ్వాడు.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే కావలివాడు చెంప మీద కొట్టాడు. రెండోవాడు వచ్చి చొక్కా పట్టుకున్నాడు. ఆ పార్కులో అంతకుముందు ఇత్తడి కొళాయిలు ఎవరో ఊడదీసుకొని పోయారంట, కూలోళ్ళు జట్టుగా వస్తారంట. "ఎంతమంది వచ్చినారు? నీ వాళ్ళు ఎవరు, చూపించు" అని కన్నడంలో అరుస్తున్నారు. "దొంగతనం కాదు సామీ, నీళ్ళు వృథాగా పోతాంటే కట్టినా, అంతే" అని ఆయన చెప్తున్నాడు. వృథా అనే మాటకు వాళ్ళు నవ్వారు. అప్పుడు ఆయన మా వైపు చూశాడు.

పట్టుచీర ఆమె నా మొహం చూసి, "మీవాడా?" అని అడిగింది.

నేను లేస్తే నలుగురినీ గేటు బయటికి తోస్తారు. కూతురు నాలుగు నెలలు ఎదురుచూసిన నీళ్ళు ఇంకో పది నిమిషాల్లో లేస్తాయి. రేపు లారీ. ఇదంతా నిజమే. కానీ పిల్లల కోసమే అని చెప్పుకుంటే పాపం నాది కాకుండా పోదు. ఆ పట్టుచీర ఆమె పక్కన నేను దొంగ పెళ్ళాన్ని కాకూడదనుకున్నాను. చెంగు తల మీదికి లాక్కొని, "కాదమ్మా" అన్నాను.

ఆయనకు మాట వినిపించిందో లేదో తెలియదు. చెంగు లాక్కోవడం మాత్రం చూశాడు. కావలివాళ్ళ వైపు తిరిగి, "ఎవురూ ల్యారు సామీ. ఒగన్నే వచ్చినా" అన్నాడు. మెడ పట్టి గేటు బయటికి తోసేశారు. పిల్లవాడు చక్కిలం నములుతూ "నాయన యాడికి పోయినాడు మా?" అంటే, "నోరు మూసుకో, వస్తాడు" అన్నాను. కూతురు ఏమీ అడగలేదు. తర్వాత పాట మొదలైంది, నీళ్ళు లేచాయి. ఎర్రగా, పచ్చగా, మళ్ళీ ఎర్రగా. అబద్ధం ఎందుకు, బాగున్నాయి. అంత బాగున్నవి నా జన్మలో చూడలేదు.

బయటికి వచ్చేసరికి ఆయన గేటు ఎదురుగా మోరీ రాయి మీద కూర్చొని ఉన్నాడు, తువ్వాలు చెంప మీదుగా తలకు చుట్టుకొని. పిల్లవాడు పరుగెత్తిపోయి ఒళ్ళో పడ్డాడు. "బాగుండెనా?" అని అడిగాడు ఆయన. వాడు ఎర్రనీళ్ళు, పచ్చనీళ్ళు అన్నీ చేతులు తిప్పి చూపించాడు. ఆయన అన్నీ విన్నాడు, మధ్యలో "అట్లనా?" అని ఆశ్చర్యపోయాడు కూడా. "నాకు తలనొప్పిగా ఉండె, అందుకే బయటికొచ్చినా" అన్నాడు కూతురితో. ఆ తర్వాత ఇంత బతుకు బతికాం, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను నాలుగు తిట్టి, ఏడ్చి, అక్కడికి తెగ్గొట్టుకునేదాన్ని. ఒక్క మార్పు వచ్చింది. ఊళ్ళో దారిన పోతూ ఎవరి కొళాయైనా పారుతుంటే ఆయన అంతకుముందులాగా పోయి కట్టేవాడు కాదు. ఆగి, నా వైపు తిరిగి, "కట్టమంటావా?" అని అడిగేవాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగేవాడు. మంచం పట్టేదాకా అడిగాడు.

మనవరాలు ఫోను తీసుకొని స్నేహితురాలి ఇంటికి పోయాక వంటింట్లోకి వెళ్ళాను. నా కూతురు బియ్యం కడుగుతోంది.

"పిల్లలకు అబద్ధాలు చెప్పొద్దు. మీ నాయన తలనొప్పని బయట కూచోల్యా. మెడ పట్టి నెట్టినారు. నేను నా మొగుడు కాదంటి" అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. "తెలుసులే మా."

"తెలిసి మరి ఎందుకు చెప్తాండావు?"

"నాయన చెప్పింది అదే కదా. ఆయన మాట నేను ఏంటికి కొట్టేసేది?"

నాకు మిగిలింది ఒక్కటే ఉంది, అదన్నా దక్కుతుందేమోనని అడిగాను. "పోనీ, ఆ పొద్దు నీళ్ళన్నా బాగా చూసినావా?"

"నీళ్ళు నేనేడ చూసినా మా? గేటు చువ్వల్లోంచి నాయన కనపడతాండె. ఆ పక్క ఒగసారి, నీ పక్క ఒగసారి చూస్తాంటి. నువ్వు లేస్తావేమో అని" అంది. బియ్యం కడిగిన నీళ్ళు తీసుకొనిపోయి పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసి వచ్చింది.

వచ్చే ఆదివారం నా కూతురు వాళ్ళు పిల్లల్ని తీసుకొని ఆ పార్కుకే పోతారట. నన్ను కూడా రమ్మంటున్నారు. ముప్పై ఐదేండ్లు గడిచిపోయాయి అని నోటితో అంటున్నాను గానీ, గడిచింది ఆయనకే. నేనింకా ఆ గడ్డి మీదే ఉన్నాను, చెంగు తల మీదికి లాక్కొని, లేవాలా వద్దా అని.